గామా రిఫరెన్స్ డేటా: పట్టికలు భేష్, స్పెక్ట్రమ్ ఫైళ్ల సంగతే చూడాలి

యురేనియం, ప్లుటోనియం శాంపిళ్లను డబ్బా మూత తీయకుండా గామా కిరణాలతో కొలవడం, ఆ కొలతల్ని విశ్లేషించే ప్రోగ్రాములు సరిగ్గా లెక్క కడుతున్నాయో లేదో పరీక్షించడం నా పని. ఇందులో నా ముందున్న డిటెక్టర్ మీద ఎంత ఆధారపడతానో, ఎవరో ఎక్కడో కొలిచి, వడపోసి, అందరికీ ఉచితంగా పెట్టిన డేటా మీద కూడా అంతే ఆధారపడతాను. ఫోన్లకీ ఫ్యాన్లకీ రివ్యూలు బోలెడు కనిపిస్తాయి. ఈ డేటాకి మాత్రం వాడేవాళ్లు రాసిన రివ్యూ నాకెక్కడా కనబడలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

తీర్పు ముందే చెప్పేస్తాను. అణు క్షయానికి సంబంధించిన అంకెల పట్టికలకు ఐదుకి ఐదు మార్కులూ ఇస్తాను. కొలిచిన స్పెక్ట్రమ్‌ల సేకరణలకు మాత్రం మూడే. ఆ రెండు మార్కులు తగ్గింది స్పెక్ట్రమ్‌లు బాగాలేక కాదు. వాటితో పాటు రావలసిన వివరాలు రాక.

ఈ రెండూ వేరువేరు సరుకులు. పట్టికల్లో ఉండేవి ఏ ఐసోటోపు నుంచి ఎంత శక్తి గల గామా వస్తుంది, నూరు పరమాణువులు క్షయమైతే అది ఎన్నిసార్లు వస్తుంది, అర్ధాయువు ఎంత అనే సంగతులు. స్పెక్ట్రమ్ ఫైలు అంటే ఫలానా శాంపిల్‌ని ఫలానా డిటెక్టర్ ముందు పెట్టినప్పుడు ఏ ఛానెల్‌లో (అంటే ఏ శక్తి గడిలో) ఎన్ని కౌంట్లు పడ్డాయో ఉన్నదున్నట్టు దాచిన రికార్డు. మొదటిది ప్రకృతి గురించి, రెండోది ఒక కొలత గురించి. ప్రకృతి గురించిన అంకెకి ఊరూ పేరూ అక్కర్లేదు. కొలతకి మాత్రం అవి లేకపోతే కుదరదు.

పట్టికల్లో నేను ముందు తెరిచేది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నడిపే లైవ్‌చార్ట్. న్యూక్లైడ్ల (అంటే ఐసోటోపుల) పటం మీద యురేనియం-235 గడిని నొక్కితే దాని గామాలన్నీ వరసగా వస్తాయి. 143.8, 163.3, 185.7, 205.3 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. (ఇక ముందు కేఈవీ అంటాను, ల్యాబులో అందరం అనేది అదే.) వీటిలో 185.7 రాజు: నూరు క్షయాలకి దాదాపు 57 సార్లు వస్తుంది. నాకు లైవ్‌చార్ట్‌లో బాగా నచ్చింది ఆ పటం కన్నా దాని వెనకున్న సదుపాయం. ప్రోగ్రాము నుంచి నేరుగా అడిగితే అదే డేటాని సీఎస్‌వీ రూపంలో ఇస్తుంది. అంకెల్ని చేత్తో ఎక్కించే పని తప్పుతుంది, ఏ రోజు ఏ అంకె తీసుకున్నామో రికార్డు ఉంటుంది. పది మంది కలిసి పనిచేసే చోట దీని విలువ ఇంతా అంతా కాదు.

అమెరికాలో బ్రూక్‌హేవెన్ నేషనల్ ల్యాబొరేటరీలోని జాతీయ అణు డేటా కేంద్రం నడిపే న్యూడాట్ కూడా అంతే చక్కగా ఉంటుంది. శక్తి స్థాయిల మధ్య లంకెలు చూసుకోవడానికి నేను దాని వైపే వెళ్తాను. కొత్తవాళ్లకి ఒక మాట: ఈ రెండిటి వెనకా ఉన్న ఖజానా ప్రధానంగా ఒకటే, ఈఎన్‌ఎస్‌డీఎఫ్ అనే మూల్యాంకనాల భాండాగారం. రెండు చోట్లా ఒకే అంకె కనిపించింది కదా అని రెండు సాక్ష్యాలు దొరికినట్టు అనుకోకూడదు. ఒకే సాక్షిని రెండు కిటికీల్లోంచి చూశాం, అంతే.

వేరేవాళ్లు విడిగా తూచిన అంకె కావాలంటే డీడీఈపీకి వెళ్లాలి. ఫ్రాన్స్‌లోని హెన్రీ బెకరెల్ జాతీయ ప్రయోగశాల సమన్వయంతో అనేక దేశాల నిపుణులు చేస్తున్న క్షయ డేటా మూల్యాంకనం ఇది. దాని ఫలితాలను అంతర్జాతీయ తూనికలు కొలతల బ్యూరో 2004 నుంచి సంపుటాలుగా ప్రచురిస్తోంది. ఇందులో నన్ను కట్టిపడేసింది పట్టిక కాదు, పట్టికకి జతగా ఇచ్చే వ్యాఖ్యల పత్రం. ఎవరెవరు ఏయే ఏడాది కొలిచారు, ఎవరి అంకెని తీసుకున్నారు, ఎవరిదాన్ని పక్కన పెట్టారు, ఎందుకు పెట్టారు, చివరికి సగటు ఎలా కట్టారు, అన్నీ రాసి ఉంటాయి. నేను పట్టికలకి పూర్తి మార్కులు వేయడానికి ఈ పత్రాలే ప్రధాన కారణం. అన్ని న్యూక్లైడ్లూ ఇందులో దొరకవు, అయితే అణు పదార్థాల పనిలో రోజూ తగిలేవి చాలా మటుకు ఉన్నాయి. అదే ప్రయోగశాల వారి లారా అనే వెతుకులాట పేజీలో శక్తి ఇచ్చి ‘ఈ గామా ఎవరిది’ అని అడగొచ్చు. స్పెక్ట్రమ్‌లో తెలియని పీక్ (ఒక శక్తి దగ్గర కౌంట్లు శిఖరంలా లేచిన చోటు) కనిపించినప్పుడు అది చాలా అక్కరకొస్తుంది.

ఈ మూల్యాంకనాలు ఎంత అవసరమో ఒక్క అంకెతో చూపిస్తాను. యురేనియం-238 నుంచి నేరుగా వచ్చే గామాలు చాలా బలహీనం. అందుకని దాని సంతతి గామాలతో దాన్ని పట్టుకుంటాం. యురేనియం-238 నుంచి థోరియం-234, దాన్నుంచి ప్రొటాక్టినియం-234ఎం పుడతాయి. ఆ ప్రొటాక్టినియం విడిచే 1001 కేఈవీ గామా మా అందరికీ పెద్ద దిక్కు. శక్తి ఎక్కువ కాబట్టి మందమైన డబ్బా గోడల్ని కూడా దాటి వస్తుంది. అది నూరు క్షయాలకి ఎన్నిసార్లు వస్తుంది? పాత పట్టికల్లో కొన్నింటిలో 0.59 అని ఉండేది. తర్వాత జాగ్రత్తగా చేసిన కొలతల్లో 0.84 దగ్గర తేలింది. తేడా నలభై శాతం పైమాటే! అంటే పాత అంకెతో లెక్క కడితే డబ్బాలో ఉన్న యురేనియం కన్నా నలభై శాతం ఎక్కువ ఉన్నట్టు తేలుతుంది. లెక్క చెప్పాల్సిన పదార్థం విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ఎక్కడో ఎవరో లేని యురేనియాన్ని చూపించమని అడిగించుకుంటారు, లేదా పోయిన యురేనియం పోలేదని అనిపించుకుంటుంది. ఇప్పటి పట్టికలన్నీ 0.84 చుట్టూనే ఉన్నాయి, మూడో దశాంశ స్థానం దగ్గర మాత్రమే కొంచెం తేడా. ఇంత దూరం రావడానికి ఎందరో ఓపిగ్గా చేసిన శ్రమ ఉంది. దాన్ని మనం ఒక్క క్లిక్‌తో అందుకుంటున్నాం.

అంకెలు ఇంత బాగా ఉంటే ఇంక కొలిచిన స్పెక్ట్రమ్‌లు దేనికి అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. సమాధానం 89 నుంచి 100 కేఈవీ మధ్య ఉంది. యురేనియం స్పెక్ట్రమ్‌లో ఆ పదకొండు కేఈవీల ఇరుకు సందులోనే 92.4, 92.8 దగ్గర థోరియం-234 జంట గామాలు, 90.0, 93.4 దగ్గర థోరియం ఎక్స్‌రేలు, 94.7, 98.4 దగ్గర యురేనియం సొంత ఎక్స్‌రేలు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. పైగా గామా పీక్ ఆకారం వేరు, ఎక్స్‌రే పీక్ ఆకారం వేరు. ఎక్స్‌రేలకి సహజంగానే కొంత వెడల్పు ఉంటుంది, తోకలు దూరం దాకా సాగుతాయి. రే గనింక్ లారెన్స్ లివర్‌మోర్‌లో ప్లుటోనియం కోసం తయారుచేసిన ఎంజీఏ, ఆ తర్వాత యురేనియం కోసం వచ్చిన ఎంజీఏయూ, ఇలాంటి ఇరుకు సందునే విడదీసి ఐసోటోపుల పాళ్లు చెప్తాయి. లాస్ అలామోస్ వారి ఫ్రామ్ వేరే శక్తుల దగ్గర కూడా పనిచేస్తుంది. ఇలాంటి ప్రోగ్రాము ఏదైనా సరే, నిజమైన డిటెక్టర్‌లో పడిన నిజమైన కౌంట్ల మీద పరీక్షించకుండా నమ్మలేం. కంప్యూటర్‌లో సృష్టించిన స్పెక్ట్రమ్ మరీ మర్యాదస్తురాలు. అసలు డిటెక్టర్‌కి ఉండే ఎడమ వైపు తోకలు, ఒకదాని మీద ఒకటి పడిన పల్సులు, మెల్లగా జరిగిపోయే గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందనే పాళ్లు), ఇవన్నీ అందులో మనం ఎంత పెడితే అంతే ఉంటాయి.

పైగా అణు పదార్థం అందరి దగ్గరా ఉండదు, ఉండకూడదు కూడా. అనుమతులు, కాపలా, లెక్కల పుస్తకాలు లేకుండా ప్లుటోనియం దగ్గరికి ఎవరూ వెళ్లలేరు. ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేని విద్యార్థి ప్లుటోనియం స్పెక్ట్రమ్‌తో కుస్తీ పట్టాలంటే ఎవరో పెట్టిన ఫైలే దిక్కు. ఈ కారణంగా, యూరప్‌లో అణు పదార్థాల పర్యవేక్షణ పరిశోధనలకోసం ఏర్పడిన ఎసార్డా సంఘం రిఫరెన్స్ గామా స్పెక్ట్రమ్‌ల అంతర్జాతీయ సంచయాన్ని అందరికీ అందుబాటులో ఉంచడం నా దృష్టిలో చాలా పెద్ద మేలు. ఈ రంగంలో ఎవరి ఫైళ్లు వాళ్లు బీరువాలో దాచుకోవడమే అలవాటు. అందరి ముందూ పెట్టినవాళ్లకి ముందు నమస్కారం పెట్టి, ఆ తర్వాతే విమర్శకి వస్తాను.

రిఫరెన్స్ స్పెక్ట్రమ్ అనిపించుకోవాలంటే దాని వెనక రిఫరెన్స్ పదార్థం ఉండాలి. యురేనియంలో అందరికీ తెలిసిన సెట్టు ఒకటుంది. యూరప్ వాళ్లు ఈసీ ఎన్ఆర్ఎం 171 అనీ, అమెరికా వాళ్లు ఎస్‌ఆర్‌ఎం 969 అనీ అంటారు. ఐదు అల్యూమినియం డబ్బాలు, ఒక్కోదాంట్లో 200 గ్రాముల యురేనియం ఆక్సైడ్ పొడి. యురేనియం-235 పాళ్లు సుమారు 0.31, 0.71, 1.94, 2.95, 4.46 శాతం. డబ్బా అడుగు మందం 2 మిల్లీమీటర్లు, అది కూడా ధ్రువీకరించిన కొలతే. ప్లుటోనియానికి సీబీఎన్ఎం అనే యూరప్ అణు కొలతల సంస్థ వారి నాలుగు శాంపిళ్లు: పీయూ93, పీయూ84, పీయూ70, పీయూ61. ప్లుటోనియం-239 సుమారుగా ఎంత శాతం ఉందో ఆ అంకెలే చెప్తాయి. ఈ డబ్బాల మీద కొలిచిన స్పెక్ట్రమ్ ఎవరు పెట్టినా నేను వెంటనే దించుకుంటాను. సమాధానం ముందే తెలిసిన లెక్క అది.

మంచి ఫైలు ఎలా ఉంటుందో చూద్దాం. ఎస్‌పీఈ రకం ఫైలుని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవొచ్చు. పై వరసల్లో శాంపిల్ పేరు, కొలిచిన తేదీ, సమయం. ఆ కింద పక్కపక్కన రెండు అంకెలు: లైవ్ టైమ్ (డిటెక్టర్ కౌంట్లు తీసుకోగలిగిన సమయం), అసలు గడిచిన సమయం. 3600, 3742 అని ఉందనుకోండి, డెడ్ టైమ్ (డిటెక్టర్‌కి తీరిక లేకపోయిన సమయం) నాలుగు శాతం లోపే, హాయిగా ముందుకెళ్లొచ్చు. రెండో అంకె 6000 ఉంటే మాత్రం ఆగాలి. అంత రద్దీలో పల్సులు ఒకదాని మీద ఒకటి పడి, రెండు 185.7లు కలిసి 371.4 దగ్గర ఏ ఐసోటోపుకీ చెందని బొడిపె లేస్తుంది, అసలు పీక్‌లోంచి ఆ మేరకు కౌంట్లు పోతాయి. ఆ తర్వాత ఛానెళ్ల హద్దులు, 0 నుంచి 8191 దాకానో, 16383 దాకానో. దాని కింద ఇక అంతా కౌంట్లే, వరసకి ఒకటి. ఈ అంకెలన్నీ పూర్ణసంఖ్యలై ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నేను ముందు చూసేది ఇదే. కౌంట్లలో దశాంశాలు కనిపించాయంటే ఎవరో స్పెక్ట్రమ్‌ని నున్నగా చేశారనో, వేరే శక్తి స్కేలు మీదికి మార్చి పంచారనో అర్థం. అప్పుడు పదివేల కౌంట్లకి నూరు అనిశ్చితి అనే మామూలు లెక్క చెల్లదు. ప్రోగ్రాము ఇచ్చే అనిశ్చితి కూడా చెల్లదు. చూడ్డానికి బాగుంటుందని నున్నగా చేసిన స్పెక్ట్రమ్ పరీక్షకి పనికిరాదు. దయచేసి ముడి కౌంట్లు పెట్టండి.

ఇక నా అసలు ఫిర్యాదు. ఆ మధ్య ఒక సేకరణలోని యురేనియం ఫైళ్లతో పని పడింది. పేరు చెప్పను, ఎందుకంటే ఈ లోపం ఆ ఒక్కచోటే లేదు. ఫైళ్లు చక్కగా ఉన్నాయి, కౌంట్లు పుష్కలం, పీక్‌లు సన్నగా నిటారుగా ఉన్నాయి. డబ్బా వివరం దగ్గర మాత్రం ఒక్క మాట: ‘స్టీలు’. మందం లేదు. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం 185.7 కేఈవీ గామాల్లో ఆరేడు శాతాన్ని మింగేస్తుంది. అదే 2 మిల్లీమీటర్ల స్టీలు అయితే ఐదో వంతుకి పైనే మింగేస్తుంది. 1 మిల్లీమీటరా, 2 మిల్లీమీటర్లా తెలియకపోతే సమాధానం పది శాతానికి పైగా ఊగుతుంది. మందమైన యురేనియం శాంపిల్‌ని సన్నటి కిటికీ గుండా చూసి, 185.7 కౌంట్ల రేటు నుంచి నేరుగా యురేనియం-235 శాతం చెప్పే పద్ధతి మొత్తం ఈ గోడ మందం దిద్దుబాటు మీదే నిలబడుతుంది. ఆ ఫైళ్లు పెట్టినవారికి మెయిల్ రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు: కొలిచిన వ్యక్తి ఎప్పుడో రిటైర్ అయ్యారట, ఆయన నోటుపుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలియదట. కోపం రాలేదు గానీ బాధేసింది. గంటల తరబడి ఎంతో శ్రద్ధగా చేసిన కొలత, ఒక్క అంకె రాయనందుకు సగం పనికి మాత్రమే మిగిలింది.

ఒకే స్పెక్ట్రమ్‌లోని పీక్‌ల నిష్పత్తులతో పనిచేసే ప్రోగ్రాములకి గోడ మందం అంతగా అక్కర్లేదు, నిజమే. శక్తిని బట్టి ఎంత గామా ఆగిపోతోందో అవి స్పెక్ట్రమ్‌లోంచే రాబట్టుకుంటాయి. కానీ అవి సరిగ్గా రాబట్టాయా అని చూడాలంటే మళ్లీ అసలు మందం తెలిసి ఉండాలి కదా!

రెండో లోపం తేదీలది. ఇది గోడ మందం కన్నా లోతైనది, ఎందుకంటే అణు పదార్థం డబ్బాలో కూర్చుని ఊరుకోదు, మారుతూనే ఉంటుంది. ప్లుటోనియం-241 అర్ధాయువు 14.3 ఏళ్లు. పదేళ్లలో దాదాపు 38 శాతం కరిగిపోయి అమెరీషియం-241గా మారుతుంది. 1980లలో ధ్రువీకరించిన ప్లుటోనియం శాంపిల్‌ని ఇప్పుడు కొలిస్తే, పత్రంలో రాసిన ప్లుటోనియం-241లో ఏడో వంతు మాత్రమే మిగిలి ఉంటుంది. దాని స్థానంలో చేరిన అమెరీషియం 59.5 కేఈవీ దగ్గర హోరెత్తిస్తుంటుంది. ఆ హోరు తగ్గించడానికి డిటెక్టర్ ముందు కాడ్మియం పలక పెడతారు. ఆ పలక ఎంత మందమో కూడా రాయాలి, తక్కువ శక్తి పీక్‌లన్నిటి ఎత్తుల్నీ అదే నిర్ణయిస్తుంది కాబట్టి. 208 కేఈవీ పీక్ సంగతి ఇంకా చిక్కు: ప్లుటోనియం-241 నుంచి పుట్టే యురేనియం-237 నుంచీ, అమెరీషియం-241 నుంచీ అదే శక్తి గామా వస్తుంది. ఎవరి వాటా ఎంతో చెప్పాలంటే శాంపిల్ వయసు లెక్కలోకి రావాలి. కాబట్టి ప్లుటోనియం ఫైలుకి రెండు తేదీలు తప్పనిసరి. ఐసోటోపుల పాళ్లు ఏ రోజుకి చెప్పారు, స్పెక్ట్రమ్ ఏ రోజు తీశారు. చాలా ఫైళ్లలో రెండోదే ఉంటుంది. కొన్నిటిలో అదీ ఉండదు, ఫైలు కాపీ చేసిన రోజు తేదీ కూర్చుని ఉంటుంది.

యురేనియం కూడా తేదీ అడుగుతుంది, కాకపోతే తక్కువ కాలానికి. రసాయనికంగా శుద్ధి చేసిన కొత్త యురేనియంలో థోరియం-234 ఉండదు. దాని అర్ధాయువు 24.1 రోజులు, అంటే నాలుగు నెలలయ్యేసరికి 97 శాతం దాకా మళ్లీ చేరుకుంటుంది. ఆ లోపు తీసిన స్పెక్ట్రమ్‌లో 92 కేఈవీ జంటా, 1001 పీకూ ఉండాల్సిన దానికన్నా పొట్టిగా ఉంటాయి. అది చూసి ప్రోగ్రాము యురేనియం-238 తక్కువుందనుకుంటుంది, యురేనియం-235 శాతాన్ని ఎక్కువ చేసి చెప్తుంది. శుద్ధి తేదీ రాసి ఉంటే ఇలాంటి స్పెక్ట్రమ్ కూడా అమూల్యమే. నిజానికి ప్రోగ్రాముల్ని ఇరకాటంలో పెట్టి చూడటానికి ఇలాంటి కొత్త పదార్థం ఫైళ్లు ఇంకా రావాలని నా కోరిక.

ఫైలు రకాల గురించి ఎక్కువ చెప్పను, ఆ గొడవ చాలామటుకు తీరిపోయింది. కంపెనీల సొంత బైనరీ రకాలు ఇంకా తిరుగుతున్నాయి గానీ, సాండియా నేషనల్ ల్యాబొరేటరీస్ ఉచితంగా ఇచ్చే కాంబియోతో దాదాపు దేన్నయినా దేనిలోకైనా మార్చుకోవచ్చు. వాళ్లదే ఇంటర్‌స్పెక్‌లో తెరిచి పీక్‌లు చూసుకోవచ్చు కూడా. ఎన్42 అనే ఎక్స్‌ఎంఎల్ ప్రమాణంలో డిటెక్టర్, శాంపిల్, క్యాలిబ్రేషన్ వివరాలు రాయడానికి చోట్లు సిద్ధంగా ఉన్నాయి. బాధల్లా అవి ఖాళీగా వదిలేయడమే. రకం మారిస్తే డేటా పోదు గానీ, రాయని వివరం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పుట్టదు.

డిటెక్టర్ల విషయంలో ఒక వెలితి చెప్పాలి. నాకు దొరికిన రిఫరెన్స్ స్పెక్ట్రమ్‌లు ఎక్కువగా జెర్మేనియంవే. పీక్‌ల్ని విడదీయడంలో దాన్ని మించింది లేదు, నిజమే. కానీ దాన్ని చల్లబరచాలి, మోయాలి. చేత్తో పట్టుకుని డబ్బాల మధ్య తిరిగేవాళ్లు వాడేది సోడియం అయొడైడ్, లాంథనం బ్రోమైడ్, క్యాడ్మియం జింక్ టెల్యురైడ్ లాంటివి. 662 కేఈవీ దగ్గర సోడియం అయొడైడ్ పీక్ వెడల్పు ఏడు శాతం దాకా ఉంటుంది, లాంథనం బ్రోమైడ్‌ది మూడు శాతం దరిదాపుల్లో. అంత వెడల్పులో నాలుగు పీక్‌లు కలిసిపోయి ఒకే గుట్ట అవుతాయి, ఆ గుట్ట ఆకారాన్ని బట్టే తీర్పు చెప్పాలి. అలాంటి చోట రిఫరెన్స్ స్పెక్ట్రమ్ అవసరం జెర్మేనియం కన్నా ఎక్కువ. ఒకే డబ్బాని ఒకే దూరంలో నాలుగు రకాల డిటెక్టర్లతో కొలిచి పక్కపక్కన పెట్టిన సెట్టు ఎవరైనా ఇస్తే నేను రెండో ఆలోచన లేకుండా మరో మార్కు కలుపుతాను.

ఎవరికి ఏది పనికొస్తుందంటే: స్పెక్ట్రమ్‌లో పీక్‌లు గుర్తుపట్టడం నేర్చుకుంటున్నవాళ్లకి లైవ్‌చార్ట్, లారా చాలు, వెంటనే మొదలుపెట్టొచ్చు. అంకెతో పాటు అనిశ్చితి కూడా రిపోర్టులో రాయాల్సినవాళ్లు డీడీఈపీ వ్యాఖ్యల పత్రం చదివి తీరాలి. కంటికి శ్రమే గానీ వృథా కాదు. గామా ఏ పదార్థంలో ఎంత ఆగుతుందో కావాలంటే అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ వారి ఎక్స్‌కామ్ ఉంది, దానికి వంక పెట్టేందుకేమీ లేదు. సొంతంగా విశ్లేషణ ప్రోగ్రాము రాస్తున్నవాళ్లు స్పెక్ట్రమ్‌ల సేకరణలకి తప్పక వెళ్లాలి. ముందు 0.71 శాతం సహజ యురేనియం ఫైలుతో మొదలుపెట్టి, తర్వాత 4.46కి వెళ్లండి. మొదటిదాంట్లో 238 పీక్‌లు బలంగా ఉండి మీకు సాయం చేస్తాయి, రెండోదాంట్లో 235 పైచేయి అవుతుంది. ప్లుటోనియంలో పీయూ93తో మొదలుపెట్టండి, పీయూ61 చివరికి ఉంచుకోండి.

స్పెక్ట్రమ్‌లు పెట్టేవాళ్లని ఒకటి అడుగుతాను. శాంపిల్ లేకుండా, అదే డిటెక్టర్‌తో, అదే గదిలో తీసిన బ్యాక్‌గ్రౌండ్ ఫైలుని పక్కనే పెట్టండి. మళ్లీ వాడిన యురేనియంలో యురేనియం-232 జాడ ఉంటుంది, దాని సంతతిలోని థాలియం-208 విడిచే 2614.5 కేఈవీ గామా దాన్ని పట్టిస్తుంది. రియాక్టర్‌లోకి వెళ్లి వచ్చిన పదార్థమా, కొత్తదా అని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన గుర్తు తక్కువ. కానీ గోడల్లోని సిమెంటులో సహజంగా ఉండే థోరియం నుంచీ అదే గామా వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ ఫైలు ఉంటే ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి రెండు నిమిషాల్లో తేల్చేస్తాను. లేకపోతే ఆ పీక్ శాంపిల్‌దో గోడదో ఎంత సేపు చూసినా తేలదు.